ఎనభై ఆరు పేర్లు, ఒక గీత

వంటింట్లో చక్కెర డబ్బా ఉప్పు డబ్బాకి కుడివైపుకి జరిగిన ఘటనకి చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదు. రాజ్యాలు చేతులు మారిన రోజులకి తేదీలున్నాయి. సంధిపత్రాల మీద సంతకాలు పడిన వేళలు నిమిషాలతో సహా రాసి ఉన్నాయి. దీనికి మాత్రం ఆ ఇంటి ఇల్లాలి వాంగ్మూలం ఒక్కటే ఆధారం. ఆవిడ చెప్పేదాన్ని బట్టి అది పెళ్ళయిన తొమ్మిదో రోజు ఉదయం. ఆవిడ తల ఆరబెట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి డబ్బాలన్నీ అకారాదిక్రమంలోకి వచ్చేసి ఉన్నాయి: ఉప్పు, కాఫీపొడి, చక్కెర, జీలకర్ర, పసుపు, మిరియాలు. కొత్త పెళ్ళికొడుకు ఓ తిరుగుబాటు అణిచేసిన సేనానిలా చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది?"

"ఇకమీదట వెతుక్కోనక్కర్లేదు."

"ఇంతవరకూ వెతుక్కున్నదెవరట?"

ఈ ప్రశ్నకి జవాబు ఇరవై తొమ్మిదేళ్ళుగా పరిశీలనలో ఉంది.

తరవాత సరిహద్దు తగాదా ఒకటి వచ్చింది. తేయాకు అని అతను, టీపొడి అని ఆవిడ. తేయాకయితే తేనె సీసాకి అవతల ఉండాలి, టీపొడి అయితే ఇవతల. మూడు నెలలు ఆ డబ్బా అటూ ఇటూ తిరిగింది. చివరికి పొయ్యి పక్కనున్న గట్టుని తటస్థ ప్రాంతంగా ప్రకటించి, డబ్బాని అక్కడ పెట్టారు. ఇద్దరూ గెలిచామనే అనుకున్నారు. మంచి ఒప్పందాలన్నీ అలాగే ఉంటాయని అతను ఆఫీసులో చెప్పేవాడు.

ఆ ఆఫీసులో అతని పేరు అకారాది గారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, నెలకోసారి చూసుకుంటాడు. విదేశాంగ శాఖలో రికార్డు కీపరు. శాఖ అయిదంతస్తులు. పైనున్న వాళ్ళు లోకాన్ని నడుపుతారు. నడిపిన కాగితాలు ఏడాదికోసారి నేలమాళిగలోకి దిగుతాయి. దిగిన కాగితాలకి అట్ట వేసి, నంబరేసి, నాడా కట్టి అలమరలో పెట్టడం అతని పని. లోపల ఏముందో చదవడం పైవాళ్ళ పని. మేం చదవలేదని చెప్పడం ఇంకా పైవాళ్ళ పని.

మాళిగలో ఎడమచేతి గోడ పొడుగునా ఉన్న అలమరలకి 'కోలుకుంటున్న దేశాలు' అని బోర్డు ఉంది. యుద్ధం చాలించుకుని, ఇంకా నిలదొక్కుకోని దేశాలతో మన శాఖ నడిపిన వ్యవహారమంతా అందులో ఉంటుంది. ఓ దేశం పూర్తిగా కోలుకుందని పైనుంచి ఉత్తర్వు వస్తే దాని ఫైళ్ళు కుడి గోడకి, అంటే 'మామూలు దేశాలు' దగ్గరికి మారుస్తారు. అలా మారి, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎడమ గోడకి వచ్చేసినవీ ఉన్నాయి. అందుకే అతను దేశం పేర్ల బోర్డుల్ని మేకుతో కొట్టడు, దారంతో వేలాడగడతాడు.

ఆ ఫైళ్ళలో లేని సంగతి లేదు. చర్చలకి బల్ల గుండ్రంగా ఉండాలా, కోలగా ఉండాలా అన్న దాని మీద నూట పధ్నాలుగు పేజీలున్నాయి. రెండు పక్షాల జెండాల్లో ఒకటి బెత్తెడు పొడుగని వచ్చిన ఫిర్యాదు మీద కత్తెర కోసం వెళ్ళిన తంతి ఉంది. మన మంత్రిగారు శాంతి కానుకగా ఇచ్చిన గోడగడియారం పనిచేయడం లేదనీ, అయినా మా స్నేహం చెక్కుచెదరలేదనీ వచ్చిన లేఖ ఉంది.

ఓ సోమవారం పదిన్నరకి ఒకావిడ మాళిగ మెట్లు దిగి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయినట్టుంది. బస్టాపు వెనక సందులో బట్టలు కుట్టే కొట్టు ఆవిడది. సొంతూరు మాత్రం సరిహద్దుకి అవతల, ఎడమ గోడ దేశాల్లో ఒకటి.

"అన్నయ్యగారూ, పాత కాగితాలు ఇక్కడేనా?"

"ఇక్కడున్నవన్నీ పాతవేనమ్మా, నాతో సహా. ఏం కావాలి?"

ఆవిడ సంచీలోంచి నాలుగు మడతల ఫారం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. వాళ్ళ దేశంలో యుద్ధం నడిచే రోజుల్లో ఆవిడకి పధ్నాలుగేళ్ళు, వాళ్ళ అన్నకి పంతొమ్మిది. సైకిలు గాలి కొట్టించుకొస్తానని వెళ్ళినవాణ్ణి తిరుగుబాటుదళం వాళ్ళు దారిలో పట్టుకుపోయారు. ఆ మరుసటేడు రెండు పక్షాలకీ మధ్యవర్తిగా మన రాయబారి వెళ్ళాడు. తమ చేతికి చిక్కిన వాళ్ళ పేర్లన్నీ దళం వాళ్ళు ఆయనకి రాసిచ్చారు. మర్నాడే చర్చలు చెడిపోయాయి. మళ్ళీ కూర్చునేసరికి ఆ జాబితా ఊసు ఎవరూ ఎత్తలేదు. దళం తన కాగితాలన్నీ తగలబెట్టింది. మిగిలిన ప్రతి ఏదైనా ఉంటే అది ఈ మాళిగలోనే ఉండాలి.

"ఇన్నాళ్ళకి మా వాళ్ళు తప్పిపోయినవాళ్ళ కోసం ఓ సంఘం వేశారండీ. దరఖాస్తుకి ఈ నెలాఖరు ఆఖరి తేదీ. ఇదిగో, ఈ గడి చూడండి."

అతను చూశాడు. పదకొండో గడి. 'జాబితా నాటికి మనిషి సజీవుడా, మృతుడా? ధ్రువీకరించిన ప్రతి జతచేయవలెను. ఖాళీగా ఉన్న దరఖాస్తులు స్వీకరింపబడవు.'

"బతికున్నాడని ఉంటే జైళ్ళ రిజిస్టర్లు తిరగేయిస్తారట. పోయాడని ఉంటే ఎక్కడ పూడ్చారో ఆ దళం వాళ్ళని పిలిచి చూపించమంటారట. ఏదీ లేకపోతే ఏదీ లేదు."

"నీకేమని ఉండాలనుందమ్మా?" అన్నాడతను. శాఖ ఫారాల్లో దేనిలోనూ ఇలాంటి ప్రశ్న లేదు. అడిగేసినందుకు తనకే సిగ్గేసింది.

"మొదట్లో ఒకటే కోరుకునేదాన్నండీ. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇప్పుడు రెంట్లో ఏదో ఒకటి తేలితే చాలు."

నెలాఖరుకి ఇరవై మూడు రోజులుంది.

అతను ఫైలు నంబరు అయిదు నిమిషాల్లో పట్టుకున్నాడు. అకారాదిక్రమం మహిమ. కానీ నంబరు పట్టుకోవడం వేరు, నాడా విప్పడం వేరు. ముప్ఫై ఏళ్ళు నిండినా, కమిటీ సంతకం లేనిదే ఆ ఫైలు తెరవడానికి వీల్లేదు. పైగా పరాయి పక్షం ఇచ్చిన కాగితమయితే ఆ పక్షం సమ్మతి కూడా కావాలి. దరఖాస్తు చేతబట్టుకుని నాలుగో అంతస్తుకి వెళ్ళాడు. అక్కడ కమిటీ వ్యవహారాలు చూసే మేడమ్ వయసులో చిన్నది, మాటలో పెద్దది.

"కమిటీలో అయిదుగురు కదండీ?"

"అయిదుగురే, అకారాది గారూ. ముగ్గురు రిటైరయ్యారు, ఒకాయన కాలం చేశారు. ఉన్నాయన మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళారు."

"మరి కమిటీ?"

"కమిటీ ఉంది. మనుషులే లేరు."

"సమ్మతి మాటో మేడమ్? ఆ తిరుగుబాటుదళానికి రాయాలంటే..."

"రాయండి. చిరునామా ఏది?"

చిరునామా లేదు. ఆ దళం తనను తాను రద్దు చేసుకుని జాతీయ ప్రభుత్వంలో కలిసిపోవాలన్నది శాంతి ఒప్పందంలో ఏడో షరతు. ఆ షరతు పెట్టించింది మన శాఖే. దానికి అప్పటి కార్యదర్శిగారికి పతకం కూడా వచ్చింది. సమ్మతి ఇవ్వాల్సిన వాళ్ళని లేకుండా చేసి, వాళ్ళ సమ్మతి ఉంటేనే గానీ వీల్లేదంటున్న ఈ స్థితిని మేడమ్ కాసేపు కళ్ళార్పకుండా చూసింది.

"వారం తరవాత రండి," అంది.

వారం తరవాత వెళ్తే ఇంకో వారమంది. కుట్టుపని ఆవిడ మూడ్రోజులకోసారి మాళిగకి వస్తూనే ఉంది. ఏమయిందని అడగదు, చదువుకునే బల్ల దగ్గర ఓ పక్కగా కూర్చుంటుంది. ఓ రోజు అతని కోటు జేబు చూసి చెయ్యి చాచింది.

"ఇటివ్వండి అన్నయ్యగారూ. చిరిగిన జేబుతో పైకెళితే పని అవుతుందా?"

"జేబుకీ పనికీ సంబంధమేమిటమ్మా?"

"ఏమో. కాగితాలతో అవలేదు కదా, జేబుతో అవుతుందేమో చూద్దాం."

అక్కడే కూర్చుని నాలుగు కుట్లేసి, దారం పంటితో తెంపి ఇచ్చింది. అతను వద్దు వద్దంటూనే తొడుక్కున్నాడు.

ఇంట్లో భార్య రోజూ అన్నం ముందు పెట్టి విచారణ జరిపేది. "ఇవాళైనా ఏమన్నా కదిలిందా?"

"కదలడానికది బండి కాదే, కమిటీ."

"మీరు కదిలారా అని అడుగుతున్నా. ఇంటికొచ్చి డబ్బాలు సర్దే ఓపికలో సగం ఆ నాలుగో అంతస్తులో పెట్టండి. ఆ పిల్ల వాళ్ళన్న కోసం తిరుగుతోంది, చీరకి ఫాలు కోసం కాదు."

మర్నాడు అతను నాలుగో అంతస్తు నడవాలో స్టూలు వేసుక్కూర్చున్నాడు. రికార్డు కీపరయిన ఈ పదిహేడేళ్ళలో మాళిగ వదిలి ఓ పూటంతా పైన గడపడం అదే మొదలు. మేడమ్ రెండుసార్లు అటు వెళ్ళింది, రెండుసార్లు ఇటు వచ్చింది. ప్రతిసారీ అతను లేచి నమస్కారం పెట్టాడు. మూడోసారి ఆగింది.

"నమస్కారం పెట్టకండి, మీకు దండం పెడతాను. లోపలికి రండి."

ఆ తరవాత గంటలో జరిగింది పరిపాలనా శాస్త్రం చదువుకునే వాళ్ళకి పాఠంగా పెట్టదగ్గది. నిబంధనల పుస్తకం పద్దెనిమిదో పేజీలో, ఖాళీల్ని తాత్కాలికంగా నింపే అధికారం ఆవిడకే ఉన్నట్టు తేలింది. గ్రంథాలయం ఆయన్నీ, అనువాదకుణ్ణీ, ప్రోటోకాల్ విభాగంలో కునుకు తీస్తున్న ఓ పెద్దాయన్నీ పిలిపించింది. సమ్మతి సంగతికి వచ్చేసరికి పెన్ను మూత తీసి, గొప్ప నిబ్బరంతో ఇలా రాసింది: 'సదరు పక్షం ప్రస్తుతం లేనందున, సదరు పక్షం నుండి అభ్యంతరమేదీ రాలేదు.' ఆవిడతో కలిపి నలుగురూ సంతకాలు పెట్టారు. పెద్దాయన దేనికని అడక్కుండానే పెట్టాడు.

గడువింకా అయిదు రోజులుంది. అకారాది గారు లిఫ్టు కోసం ఆగలేదు. నాలుగంతస్తుల మెట్లూ దిగుతూ పరిగెత్తడం చూసి గేటు దగ్గర కాపలాదారు, పైన నిప్పంటుకుందనుకుని బకెట్టు అందుకున్నాడు.

కుట్టుపని ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. అతను అలమర ముందు స్టూలెక్కి ఫైలు దింపి, బల్ల మీద పెట్టి, నాడా విప్పాడు. పైన రాయబారి లేఖ. 'జతపరచిన జాబితాలో ఎనభై ఆరు పేర్లు గలవు. వారిలో యాభై ఒక్కరు సజీవులు, ముప్ఫై అయిదుగురు మృతులు.' దాని కింద జాబితా, టైపు చేసింది, మూడు పేజీలు.

మొదటి పేజీని అతను దీపం కిందికి జరుపుకున్నాడు. ఓ అక్షరానికి, అది వచ్చిన ప్రతిచోటా, తోక సగమే పడింది. ఆ తోక తెగిన మిషను ఎవరిదో ప్రపంచంలో ఒక్కడికే తెలుసు. అప్పుడతనికి ఇరవై మూడేళ్ళు, కొత్తగా చేరిన టైపిస్టు.

ఒక్కొక్కటే గుర్తొచ్చింది. దళం వాళ్ళిచ్చింది బడిపిల్లల రూళ్ళ పుస్తకంలోంచి చింపిన ఆరు కాగితాలు. తడిసి ఆరినవి. పేర్లు ఎలా పడితే అలా ఉన్నాయి. నాలుగో కాగితంలో సగానికి కిందగా, అడ్డంగా, పెన్సిలుతో ఒక గీత. గీతకి పైన బతికున్నవాళ్ళు. కింద లేనివాళ్ళు. అప్పటి ఆఫీసరు ఆ కాగితాలు చూసి ముఖం చిట్లించాడు. "ఇది జాబితానా, సంతా? మంత్రిగారి బల్ల మీద పెట్టేది ఇలాగేనా? వరస పెట్టి తీసుకురా." కుర్రవాడు అసలు కాగితాలు చూస్తూ ఒక్కో పేరూ ఒక్కో చీటీ మీద రాశాడు. ఫ్యాను ఆపేసి, ఎనభై ఆరు చీటీలూ పొడుగుబల్ల మీద పరిచి, అకారాదిక్రమంలో పేర్చాడు. ఆ వరసలోనే టైపు చేశాడు. ఆఫీసరు చూసి, "ఇదీ పని అంటే," అన్నాడు. అతని నౌకరీ మొత్తంలో మొదటి మెచ్చుకోలు అది. బహుశా ఆ మెచ్చుకోలే పెళ్ళయిన తొమ్మిదో రోజున వంటింటి దాకా వచ్చింది.

పేరు పేరుకీ చీటీ ఉంది. గీతకి చీటీ లేదు.

"ఉందా అన్నయ్యగారూ?"

"ఉందమ్మా." పేజీ ఆవిడ వైపు తిప్పాడు. "నలభై రెండు."

ఆవిడ ముందుకి వంగి వేలితో చూసింది. వేలు అక్కడే ఆగింది. తరవాత పేజీ పైకీ కిందకీ చూసింది. "మరి రెంట్లో ఏదని ఉంది?"

"రేపు రామ్మా. ఇంకో రిజిస్టరు చూడాలి."

ఆ రిజిస్టరు అతనికి తెలిసిందే. నాశనం చేసిన కాగితాల రిజిస్టరు. శుభ్రప్రతి తయారయ్యాక చిత్తుప్రతుల్ని ఏడాది చివర తగలబెట్టాలని నియమం. ఆ ఏడాది పేజీలో పన్నెండో వరస: 'చేతిరాత జాబితా, ఆరు కాగితాలు, తడిసినవి, శుభ్రప్రతి కలదు.' పక్కన సంతకం. తనదే. ఇప్పటికన్నా గుండ్రంగా ఉంది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. భార్య అడిగింది, అతను చెప్పాడు. ఆవిడ ఈసారి వేళాకోళం చేయలేదు. మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపి అంది, "గీతకి పైన ఉన్నాడని రాసిచ్చెయ్యండి. జైళ్ళ రిజిస్టర్లయినా తిరగేస్తారు."

"పైన ఉన్నాడో కింద ఉన్నాడో నాకు తెలీదే. తెలియంది రాసి సంతకం పెడితే తప్పు ధ్రువీకరణ అవుతుంది."

"అప్పుడు పెట్టింది ఒప్పు ధ్రువీకరణా?"

అతను చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పెందరాళే వెళ్ళి జాబితాకి నకలు తీశాడు. కత్తెర తీసుకుని ఎనభై ఆరు చీటీలు చేశాడు. ఫ్యాను ఆపి బల్ల మీద పరిచాడు. అప్పుడు ఈ చేతులే కదా చూసి రాశాయి, వీటికేమన్నా గుర్తుందేమో అనుకున్నాడు. మొదటి కాగితం మొదటి పేరు ఏది? దాని తరవాత? కళ్ళు మూసుకున్నాడు. తడి మరక గుర్తొచ్చింది. గీత కొద్దిగా వంకరగా, కుడివైపు పైకి లేచి ఉండడం గుర్తొచ్చింది. పెన్సిలు ఎక్కడ గట్టిగా నొక్కారో కూడా గుర్తొచ్చింది. పేర్లు రాలేదు. నలభై రెండో చీటీని గీత ఉండవలసిన చోటికి పైన పెట్టి చూశాడు, కింద పెట్టి చూశాడు. రెండుచోట్లా సరిపోయినట్టే ఉంది. గంటసేపయ్యాక చూసుకుంటే, తనకి తెలియకుండానే మొదటి ఇరవై చీటీలూ అకారాదిక్రమంలో పేర్చేసి ఉన్నాడు.

ఆవిడ వచ్చేసరికి చీటీలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. దాచే ఓపిక లేకపోయింది.

"ఇవేమిటండీ?"

చెప్పాడు. కాగితాల సంగతి, గీత సంగతి, చీటీల సంగతి, రిజిస్టరు సంగతి. ఎవరో టైపిస్టు అని మొదలుపెట్టి, సగంలో ఆగి, నేనే అన్నాడు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బావుండునని కూడా అనుకున్నాడు.

"మీకెన్నేళ్ళు అప్పుడు?"

"ఇరవై మూడు."

"మా అన్నకి ఇరవై." ఆవిడ నలభై రెండో చీటీ చేతిలోకి తీసుకుంది. కొలతల టేపు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "మీరు రాసేటప్పుడు ఈ పేరు చదివే ఉంటారు కదా?"

"చదివే ఉంటానమ్మా."

"ఏమనిపించిందండీ?"

అతను నిజం చెప్పాడు. "ఏ అక్షరంలోకి వస్తుందా అనిపించింది."

ఆవిడ తల ఊపింది. కోపం వచ్చిందో, నవ్వొచ్చిందో తెలియలేదు. అతను ధ్రువీకరించిన ప్రతి తయారుచేశాడు. రాయబారి లేఖ ఒక పేజీ, జాబితా మూడు పేజీలు. ప్రతి పేజీ మీదా ముద్ర వేశాడు, సంతకం పెట్టాడు. విడిగా ఓ కాగితం మీద, అసలు జాబితాలో గీత ఉండేదనీ, టైపు చేసినవాడు దాన్ని వదిలేశాడనీ, ఆ టైపు చేసినవాడు తనేననీ రాసి, కింద పూర్తి పేరు రాశాడు. దీన్ని కూడా జతచేయమన్నాడు. నియమాల్లో దీనికి చోటు ఉందో లేదో చూడలేదు.

"పదకొండో గడిలో ఏం రాయమంటారు?" అందావిడ కలం పట్టుకుని.

అతను ఫారం వైపు చూశాడు. సజీవుడు, మృతుడు అని రెండే చదరాలున్నాయి. మూడోది అచ్చువేసేవాడు పెట్టలేదు.

"నేను చెప్పలేనమ్మా."

"మీరు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారన్నయ్యా?"

అతను బల్ల మీది చీటీలు పోగుచేయసాగాడు. ఆవిడ కాసేపు చూసి, కలం మూత పెట్టేసి, ఫారం, ప్రతులు, కాగితం అన్నీ సంచీలో సర్దుకుంది. మెట్లెక్కుతూ ఒకసారి ఆగింది. వెనక్కి తిరుగుతుందేమోననుకున్నాడు. సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది.

దరఖాస్తు గడువుకి రెండు రోజుల ముందే చేరింది. పదకొండో గడి ఖాళీగా ఉందని తిప్పి పంపారు.